క్యాంపుకు ‘సరే’ అనే ముందు

శుక్రవారం ఆరాధన అయ్యాక మీరు చెప్పులు వేసుకుంటుంటే అయ్యగారు వచ్చి ఆపుతారు. “బ్రదర్, ఈద్ సెలవుల్లో పిల్లలకు క్యాంపు పెడుతున్నాం. మీరూ సిస్టరుగారూ నిలబడితే మాకు కొండంత అండ.” మీరు వెంటనే “తప్పకుండా అయ్యగారూ” అనేస్తారు. మీ ఆవిడ అప్పుడు పార్కింగు దగ్గర చిన్నవాడికి నీళ్లు తాగిస్తూ ఉంటుంది. సంగతి ఆమెకు కారెక్కాక తెలుస్తుంది. రువి నుంచి అల్ ఖువైర్ చేరేదాకా కారులో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.

మీ ఇంట్లో ఇలా జరిగిందా? అయితే ఈ అధ్యాయం మీకే. మస్కట్‌లోనో సోహార్‌లోనో సలాలాలోనో ఉద్యోగం చేసుకుంటూ, సెలవులు రాగానే పిల్లల క్యాంపుకో యువజన శిబిరానికో ఇద్దరూ కలిసి పరిచర్యకు వెళ్లే తెలుగు జంటల కోసం ఇది రాస్తున్నాను. క్యాంపు ఎలా నడపాలో చెప్పే పుస్తకాలు బోలెడు. మూడు రోజులు క్యాంపు నడిపి ఇంటికొచ్చిన మొగుడూపెళ్లాలు మళ్లీ మామూలుగా మాట్లాడుకోవడం ఎలాగో చెప్పేవాళ్లే తక్కువ. నేను చూసినంతలో ఆ తగాదాలు చాలావరకు ఆ మొదటి ‘తప్పకుండా’ దగ్గరే మొదలవుతాయి.

1. ఒక రాత్రి గడువు అడగండి

“ఇంట్లో మాట్లాడుకుని రేపు చెబుతాం అయ్యగారూ.” ఈ మాటను సండే స్కూలు పిల్లలు కంఠత వాక్యం నేర్చుకున్నట్టు నేర్చుకోండి. అయ్యగారు నొచ్చుకుంటారని భయమా? క్యాంపు రెండు రోజుల్లో ఉందనగా తప్పుకునే జంట కంటే ఒక రోజు ఆలస్యంగా ఒప్పుకున్న జంటే ఆయనకు మేలు. అది ఆయనకూ తెలుసు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మూడు సంగతులు మాట్లాడుకోండి. ఎన్ని రోజులు సెలవు పెట్టాలి? ఎవరు ఏ పని చేస్తారు? ఈ సెలవుల్లో మనం అంతకుముందు ఏం చేద్దామనుకున్నాం?

మొదటి రెండూ తేలిగ్గానే తేలతాయి. అసలు చిక్కు మూడోదానితో. నిజ్వా కోట చూద్దామనో, జెబెల్ షమ్స్ మీద ఒక రాత్రి చలిలో పడుకుందామనో ఆవిడ నెలల తరబడి అంటూ ఉండవచ్చు. మీరు ఫోను చూసుకుంటూ ‘ఊఁ’ కొట్టి మరిచిపోయి ఉండవచ్చు. ఆమె లెక్కలో ఆ ‘ఊఁ’ ఒక మాట ఇచ్చినట్టే. ముందు దాని సంగతి తేల్చండి.

ఒకరికి ఇష్టమై ఇంకొకరికి లేకపోతే? ఇష్టమున్న మనిషి వెళ్లవచ్చు, లేదా ఇద్దరూ ఒక పూట మాత్రమే వెళ్లవచ్చు. దారులు చాలా ఉన్నాయి. “దేవుని పని, కాదంటావా?” అనే మాట మాత్రం భార్య మీద గానీ భర్త మీద గానీ ప్రయోగించకండి. ఆ మాటకు ఎదుటివాళ్ల దగ్గర జవాబు ఉండదు. జవాబు లేని మాటతో గెలిస్తే ఆ కోపం క్యాంపు వంటగదిలో బయటపడుతుంది.

2. సెలవుల లెక్క కాగితం మీద వేయండి

2023 కార్మిక చట్టం ప్రకారం ఒమన్‌లో ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. వినడానికి ఎక్కువే. అందులో ఊరి ప్రయాణం, చెల్లెలి పెళ్లి, నాన్నగారి కంటి ఆపరేషను తీసేయండి. ఎన్ని మిగిలాయి? ఆ మిగిలినవాటిలో ఎన్ని క్యాంపుకు ఇస్తారో, ఎన్ని మీ ఇద్దరికీ ఉంచుకుంటారో విడివిడిగా రాయండి. రాయకపోతే మీవి కూడా క్యాంపులోకే పోతాయి.

ఇక తేదీలు. ఇండియన్ స్కూళ్లకు వేసవి సెలవులు ఇచ్చే జూన్, జూలైలలో సగం సంఘం విమానాల్లో ఉంటుంది. అందుకని చాలామంది చూపు ఈద్ సెలవుల మీద పడుతుంది. ఈద్ నెలవంకను బట్టి వస్తుంది, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సెలవు ఏ రోజు నుంచి ఏ రోజు దాకానో ప్రభుత్వ ప్రకటన పండుగ దగ్గర పడ్డాక గానీ రాదు. ఆ ప్రకటన రాకముందే బ్యానరు వేయించి, వక్తగారికి వాపసు లేని టికెట్టు కొన్నారంటే ఆ కంగారంతా మీ ఇంట్లోకే వస్తుంది.

భార్య నర్సు అయిన ఇళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈద్ ఆయనకు సెలవు, ఆవిడకు డ్యూటీ. రాత్రి డ్యూటీ దిగి ఉదయం ఏడింటికి వచ్చిన మనిషిని ఎనిమిదింటికి యాక్షన్ సాంగ్స్ నేర్పమని నిలబెట్టకండి. “తనే వస్తానంది” అంటారు భర్తలు. వస్తానని అంటుంది. వద్దు, పడుకో అని చెప్పాల్సింది మీరే.

నన్నడిగితే నవంబరుకు ఓటేస్తాను. 2025 నుంచి ఒమన్ జాతీయ దినం నవంబరు 20కి మారింది. దానికి రెండు రోజులు సెలవు, ఎండ తగ్గి ఉంటుంది, క్రిస్మస్ హడావుడి ఇంకా మొదలు కాదు. డిసెంబరు ఆఖరు వారం మాత్రం వద్దు. ఇక్కడ క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవు లేదు. పగలు ఆఫీసు, రాత్రి ఆరాధన, ఆపైన కారల్స్‌తో అప్పటికే అందరి ఒళ్లూ హూనమై ఉంటుంది.

3. ఈ దేశపు హద్దులు ఇద్దరికీ తెలియాలి

ఊళ్లో లాగా మామిడితోటలో షామియానా వేసి, మైకు పెట్టి కూటములు జరపడం ఇక్కడ కుదరదు. రువిలోనూ ఘాలాలోనూ సుల్తాన్ కాబూస్ ఇచ్చిన స్థలాల్లో చర్చిలు కట్టుకున్నారు. సోహార్‌లో, సలాలాలో కూడా చర్చిలున్నాయి. ప్రభుత్వం అనుమతించిన ఆ ఆవరణల్లో మన ఆరాధన స్వేచ్ఛగా చేసుకోవచ్చు. ఆ గోడలు దాటితే వేరే లెక్క. ఈ సంగతి భర్తకు తెలిసి భార్యకు తెలియకపోయినా, ఆమెకు తెలిసి ఆయన లక్ష్యపెట్టకపోయినా ప్రమాదమే. కుటుంబ వీసా ఒకరి ఉద్యోగాన్ని పట్టుకుని ఉంటుంది. ఒకరి తొందరపాటుకు పిల్లల చదువుతో సహా అందరూ మూల్యం చెల్లించాలి.

తరచూ జరిగే పొరపాట్లు ఇవి:

— క్యాంపు చివరి రోజు పిల్లల్ని కురుమ్ బీచికి తీసుకెళ్లి అక్కడ గిటారుతో ఆరాధన మొదలుపెట్టడం. పిక్నిక్‌ను పిక్నిక్‌గానే ఉంచండి. ఆడించండి, తినిపించండి, తీసుకొచ్చేయండి.

— క్యాంపు కరపత్రం ట్యాక్సీ డ్రైవరుకో, ఆఫీసులో పక్క సీటాయనకో ఇవ్వడం. వేరే మతస్థులకు మత ప్రచారం చేయడం ఇక్కడ చట్టవిరుద్ధం. ఆహ్వానం సంఘం వాట్సాప్ గ్రూపు దాటకూడదు.

— “తలా ఐదు రియాళ్లు వేసుకుందాం” అని బయట చందాలు వసూలు చేయడం. అనుమతి లేని వసూళ్లను ఈ ప్రభుత్వం తేలిగ్గా తీసుకోదు. ఖర్చు సంగతి చర్చి కమిటీకి వదిలేయండి.

— పిల్లల ఫొటోలు ఆ సాయంత్రమే ఫేస్‌బుక్‌లో పెట్టడం. ఒమన్ సైబర్ నేరాల చట్టం వ్యక్తిగత గోప్యతను గట్టిగా పట్టించుకుంటుంది. తల్లిదండ్రుల్ని అడగకుండా ఒక్క ఫొటో కూడా వద్దు.

క్యాంపు రంజాన్ నెలలో పడితే పగటిపూట బహిరంగంగా తినకూడదు, తాగకూడదు. పిల్లల టిఫినూ నీళ్లూ లోపలి గదిలోనే.

ఇంకొకటి. చర్చి ఆవరణ మన ఒక్కరిదే కాదు. మలయాళం వాళ్లు, తమిళం వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఇథియోపియా వాళ్లు గంటల వారీగా హాలు పంచుకుంటారు. మన ప్రసంగం ఇరవై నిమిషాలు సాగితే బయట ఎండలో ఇంకో సంఘం పిల్లలతో నిలబడి ఉంటుంది. మీ ఇద్దరిలో గడియారం చూసే అలవాటు ఎవరికుందో వాళ్లకే ఆ పని అప్పగించండి.

4. మైకు ఒకరికి, గిన్నెలు ఒకరికి అయితే కుదరదు

తెలుగు క్యాంపుల్లో పనులు ఎవరూ పంచకుండానే పంచుకున్నట్టు అయిపోతాయి. ఆయన మైకు దగ్గర, ఆవిడ గిన్నెల దగ్గర. ముగింపు సభలో ఆయన పేరు చెప్పి శాలువా కప్పుతారు. ఆవిడను “సిస్టరుగారి సహకారం” అనే మాటలో సర్దేస్తారు. ఇది మామూలే అనుకునే మగవాళ్లకు ఒక ప్రశ్న. ఆ మూడు రోజుల్లో మీ భార్య ఒక్క పాఠమైనా పూర్తిగా విన్నదా?

అపొస్తలుల కార్యములలో అకుల, ప్రిస్కిల్ల అనే జంట ఉంది. డేరాలు కుట్టుకుని బతికేవారు. మనలాగే పరాయి ఊళ్లో చేతిపని చేసుకుంటూ పరిచర్య చేసినవాళ్లు. అపొల్లో అనే పండితుడికి ఇంకా తెలియని సంగతులు ఇద్దరూ కలిసి వివరించారు. కొత్త నిబంధనలో కొన్నిచోట్ల ప్రిస్కిల్ల పేరే ముందు వస్తుంది. వంట ఎవరు చేశారో ఎక్కడా రాయలేదు.

ఏం చేయాలి?

మొదటిది, పనుల చిట్టా ఇద్దరూ కూర్చుని రాయండి. పాఠం, పాటలు, పేర్ల నమోదు, భోజనం, మందుల డబ్బా, పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపడం, హాలు ఊడ్చడం అన్నీ అందులో ఉండాలి. రాశాక ఒకసారి చూడండి. కూర్చుని చేసే పనులన్నీ ఒకరివి, నిలబడి చేసేవన్నీ ఒకరివి అయ్యాయా? అయితే సగం మార్చండి.

రెండోది, వంట తగ్గించండి. నూటయాభై మందికి పులిహోర, చికెన్ కూర, సాంబారు, పెరుగుపచ్చడి వండితేనే పరిచర్య అనిపించుకుంటుందా? మధ్యాహ్నానికి రువిలోని ఏదో హోటల్లో బిర్యానీ చెప్పేయండి. సాయంత్రం పిల్లలకు పరోటాలో చిప్స్ ఒమన్ చుట్టి చేతికిస్తే పండగ చేసుకుంటారు. మంచినీళ్లు, లబన్ ప్యాకెట్లు, ఖర్జూరం ఉంటే ఇంకేం కావాలి? నాలుగు రియాళ్లు ఎక్కువ ఖర్చయినా నలుగురు ఆడవాళ్లు గదిలోంచి బయటికొచ్చి కూర్చుంటారు.

మూడోది, ఆవిడ బాగా చెప్పగలదని మీకు తెలిసిన సంగతి కమిటీకి తెలియకపోవచ్చు. “ఆరేళ్ల లోపు పిల్లల క్లాసు ఆవిడ తీసుకుంటుంది, టీ సంగతి నేను చూస్తాను” అని మీటింగులో మీరే అనండి. ఒకరిద్దరు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇది తిరగబడే ఇళ్లూ లేకపోలేదు. ఆవిడ పాడుతుంది, మాట్లాడుతుంది, పదిమందిలో చలాకీ. ఆయనకు నలుగురిలో నోరు పెగలదు. అలాంటి మనిషిని “సాక్ష్యం చెప్పండి బ్రదర్” అని స్టేజీ మీదికి లాగవద్దని ముందే చెప్పాల్సింది ఆవిడే. సౌండు బాక్సులు, వైర్లు, బండి ఆయనకు అప్పగిస్తే హాయిగా చేసుకుంటాడు.

5. ఎండతో పంతం వద్దు

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమన్‌లో నియమం ఉంది. కూలీలకు వద్దన్న ఎండలో పిల్లల్ని తాడాట ఆడిస్తామా? 2018 జూన్‌లో మస్కట్ పక్కనే ఉన్న కురియాత్‌లో ఒకరోజు రాత్రంతా కూడా 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. వేసవి క్యాంపు అయితే ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనంతో ముగించండి. ఎండకు డస్సిన మనుషులకు చిన్నమాట కూడా పెద్దగా వినబడుతుంది. భార్యాభర్తలకైతే మరీను.

6. మీ పిల్లలు క్యాంపులో అనాథలు కాకూడదు

అందరి పిల్లలకూ అన్న, అక్క అయిపోయి సొంత పిల్లాడు అన్నం తిన్నాడో లేదో చూడని తల్లిదండ్రుల్ని ప్రతి క్యాంపులోనూ చూస్తాం. టీచరు కొడుకు కాబట్టి బుద్ధిగా ఉండాలని వాడి మీద గద్దింపులు కూడా ఎక్కువే. పూటకు ఒకరు చొప్పున వంతు వేసుకోండి. ఈ పూట వీడు నీవాడు, మధ్యాహ్నం నావాడు. వంతు ఉన్నవాళ్లు వేరే పని ఒప్పుకోకూడదు.

ఈ చిక్కు ఈ గడ్డ మీద కొత్తది కాదు. డాక్టర్ వెల్స్ థామ్స్, ఆయన భార్య బెత్ 1939 నుంచి 1970 దాకా మత్రలో మిషన్ ఆసుపత్రి నడిపారు. ఆ రోజుల్లో ఈ దేశంలో ఆసుపత్రులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ మిషన్ కుటుంబాల పిల్లలు సముద్రం దాటి మన పక్కనున్న కొడైకెనాల్‌లో హాస్టలు బడికి వెళ్లి చదువుకున్నారు. అంతదూరం బిడ్డను పంపిన తల్లులకు ఎలా ఉండేదో! మీ పిల్లాడు అదే హాలులో, మీ కంటికి ఎదురుగా ఉన్నాడు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.

7. ఒంటరిగా ఉన్నవాళ్ల మధ్య మీరు జంటగా ఉన్నారు

దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు ముఖ్యమనిపించేది మాత్రం ఇదే. మీ పక్కన ఉల్లిపాయలు తరిగే అక్క కోనసీమ నుంచి వచ్చి ఇంటిపని చేసుకుంటూ ఉండవచ్చు. ఆమె భర్తా పిల్లలూ ఊళ్లో. కుర్చీలు మోసే తమ్ముడు లేబర్ క్యాంపులో ఒక గదిలో ఎందరితోనో కలిసి పడుకుంటాడు. పెళ్లయిన నెలకే విమానం ఎక్కినవాడు కావచ్చు. వాళ్లకు దొరికే ఒక్క శుక్రవారం మీ క్యాంపులో ఖర్చు పెడుతున్నారు.

వాళ్ల ఎదుట మీరు పోట్లాడుకుంటే వాళ్లకు ఎలా ఉంటుంది? పక్కనే ఉండి కూడా వీళ్లు కొట్టుకుంటున్నారే అనిపించదా? మరీ ముద్దుగా, ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టుకుంటూ ఫొటోలు దిగితే? అదీ గుచ్చుకుంటుంది. మామూలుగా ఉండండి. భోజనానికి జంటలు ఒక బల్ల, ఒంటరివాళ్లు ఇంకో బల్ల కాకుండా కలిసి కూర్చోండి. ‘దాంపత్య జీవితం’ మీద క్లాసు పెడితే, దూరంగా ఉండి సంసారం నిలబెట్టుకుంటున్నవాళ్ల సంగతి కూడా అందులో ఉండేలా చూడండి. మనం ఇండియా కంటే గంటన్నర వెనక ఉంటాం. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి కార్యక్రమం ముగిస్తే ఊళ్లో పదిన్నర, ఆ అక్క పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఏడింటికి పదిహేను నిమిషాలు విరామం ఇవ్వండి, వైఫై పాస్‌వర్డు బోర్డు మీద రాసి పెట్టండి. ఏ ప్రసంగం కంటే కూడా అది వాళ్లకు గుర్తుంటుంది.

ఈ అక్కలను పనిమనుషులుగా వాడుకోవద్దు. “మీకు అలవాటే కదా” అని గిన్నెలు వాళ్ల ముందు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. వారమంతా ఒకరింట్లో గిన్నెలు తోమిన మనిషి సెలవురోజు దేవుని సన్నిధికి వస్తే అక్కడా గిన్నెలేనా? ఆ రోజు కుర్చీ ఆమెది, గిన్నెలు మీవి.

8. మాట పెరుగుతుందనిపిస్తే

పెరుగుతుంది. మూడు రోజులు నిద్ర లేకపోతే ఎవరికైనా పెరుగుతుంది. కొన్ని నియమాలు ముందే పెట్టుకోండి. పదిమంది ముందు ఒకరినొకరు సరిదిద్దకూడదు. ఆవిడ పాఠంలో యోసేపు అన్నల పేర్లు తప్పు చెప్పినా ఆ పూటకు కొంప మునగదు. వేరేవాళ్లకు మీ ఇంటి సంగతి ప్రార్థన విన్నపంగా చెప్పకూడదు. “మా ఆయన కోపం తగ్గేలా ప్రార్థించండి” అని మహిళల కూడికలో చెప్పిన మాట సాయంత్రానికి మగవాళ్ల బల్ల దగ్గరికి చేరుతుంది. రోజుకొకసారి, కారులోనైనా సరే, పది నిమిషాలు ఇద్దరే కూర్చోండి. ఆ పది నిమిషాల్లో రేపటి ఏర్పాట్లు మాట్లాడకండి. కాళ్లు నొప్పులా, తలనొప్పి తగ్గిందా, అవి అడగండి.

9. క్యాంపు అయ్యాక ఒక రోజు మీది

క్యాంపు శనివారం రాత్రి ముగిసి, ఆదివారం ఉదయం ఏడున్నరకు ఆఫీసులో ఉండేలా ఏర్పాటు చేసుకోకండి. ముగిసిన మర్నాడు సెలవు పెట్టండి. ఆ రోజు లెక్కల మీటింగుకు రమ్మంటే ఇద్దరూ ఒకే గొంతుతో “వచ్చే శుక్రవారం వస్తాం” అనండి. ఒకరు సరే అని ఒకరు కాదంటే మళ్లీ మొదటికొస్తుంది.

వెనక్కి పెట్టిన ఆ పాత ప్రయాణం ఉంది కదా, దానికి ఈ రోజే మంచిది. పిల్లల్ని స్నేహితుల ఇంట్లో దింపి ఇద్దరే వెళ్లండి. నిజ్వా అయితే మామూలు కారు చాలు. జెబెల్ అఖ్దర్ ఎక్కాలనుకుంటే మాత్రం బిర్కత్ అల్ మౌజ్ దాటాక పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండి లేనిదే పైకి వదలరు. బండి ముందే మాట్లాడి పెట్టుకోండి.